ఆరు సూదులూ, గ్రేసమ్మ సిస్టరూ

శాంతిపురం దాటి కుప్పం వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నీలగిరి తోపులు వస్తాయి. వాన వెలిసిన పొద్దున బస్సు కిటికీ తీస్తే ఆ ఆకు వాసన ఒక్కసారిగా ముఖాన్ని తడుపుతుంది. నాకది తోపు వాసన కాదు. మదనపల్లెలో ఒక ఆసుపత్రి ఆవరణ, నీలగిరి చెట్ల కింద సిమెంటు బెంచీ, దాని మీద తెల్ల చీరలో గ్రేసమ్మ సిస్టరు. ఆమె పోయి ఏళ్ళయింది. అయినా ఆ తోపులు దాటేదాకా కిటికీ మూయబుద్ధి కాదు.

నేను పుంగనూరులో స్టీలు సామాన్ల అంగడివాణ్ణి. తాత, నాయన, మేనమామలు అందరూ అంగళ్ళవాళ్ళే. 'అమ్మా' కంటే ముందు 'తగ్గించు' అన్నానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. గ్రేసమ్మ సిస్టరు ఆ మదనపల్లె ఆసుపత్రిలోనే నర్సు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చెల్లెలిని చూడడానికి పుంగనూరు వచ్చి, ఒకసారి మా అంగట్లో టిఫిన్ క్యారియరు అడిగింది. ధర చెప్పాను. ఆమె మాట్లాడలేదు. స్టూలు మీద కూర్చుని మూత తీస్తూ, పెడుతూ ఉండిపోయింది. నేనే తగ్గించాను. కాసేపాగి మళ్ళీ నేనే తగ్గించాను. చివరికి, "ఏదో ఒకటి అనండి సిస్టర్" అని బతిమాలాను.

"బాగా దిగొస్తాండావు కదప్పా, నేను యాల అడ్డం రావాల?" అంది.

ఆ రోజే ఆమెను గురువుగా ఎంచుకున్నాను. బేరంలో మాత్రమే అనుకున్నాను, అప్పటికి.

పెళ్ళయి నాలుగేళ్ళయినా మాకు పిల్లలు కలగలేదు. నా భార్య సుజాతది కుప్పం. మా అమ్మ వారం వారం ఆమె చేత ఏదో ఒక ఆకు పసరు తాగించేది. పరీక్షలన్నీ సుజాతకే. అన్నీ బాగానే ఉన్నాయని వచ్చేవి. నన్నెవరూ అడగలేదు, నేనూ ముందుకు రాలేదు. నా వంతుగా మగతనం పెంచుకుందామని బెంగళూరులో జిమ్ము నడిపే ఒకడి దగ్గర బలం సూదులకు బేరం కుదుర్చుకున్నాను. ఒకటి వేయించుకుని చూడమన్నాడు వాడు. ఆరు తీసుకుంటే ఎంతకిస్తావని అడిగింది నేను. నెలకొకటి చొప్పున పొడిపించుకుని, అద్దంలో భుజాలు చూసుకుని మురిసిపోయాను.

ఒకరోజు సుజాత అంగడి వెనక పసరు మింగలేక వాంతి చేసుకోవడం సిస్టరు చూసింది. పసరు ఎందుకో కనుక్కుని, "నీకు పరీక్ష చేసినారా?" అని నన్ను అడిగింది.

"నాకేం సిస్టర్, చూడండి ఎట్ల ఉండానో."

టిఫిన్ క్యారియరును చూసినట్లే నన్నూ చూస్తూ కూర్చుంది. అలా ఎవరైనా ఎంతసేపని చూడగలరు? మరుసటి వారం ఆమె వెంట మదనపల్లె పోయాను. పరీక్షలో బీజకణాలు దాదాపు లేవని తేలింది. సూదుల సంగతి డాక్టరు కూపీ లాగి, వెంటనే ఆపమన్నాడు. అర్థంకాక బయటికొచ్చి సిస్టరు పక్కన బెంచీ మీద కూలబడి, సూదుల సంగతంతా చెప్పాను. ఆకులు సన్నగా గలగలమంటున్నాయి.

"మెదడు కింద సెనగ్గింజంత గ్రంథి ఉండాదప్పా," అంది ఆమె. "నరాల కబురు ఫోన్ మాదిరి, ఆ క్షణమే చేరతాది. నిప్పు తగిలితే చెయ్యి లాక్కుంటావే, అది. ఈ గ్రంథి అట్ల కాదు. మనిషిని బస్సెక్కించినట్లు రక్తంలో కబురు పంపుతాది. అది ఒళ్ళంతా తిరిగి, తనను అందుకునే ఇంటికాడ మాత్రమే దిగుతాది. నీ వృషణాలకు అట్లనే ఆర్డరు పోతాది, హార్మోను తయారు చెయ్యండి, బీజాలు తయారు చెయ్యండి అని. సరే, గోడౌను నిండా బిందెలుంటే నువ్వు ఇంకా ఆర్డరు పెడతావా?"

"యాల పెడతాను?"

"ఆ హార్మోనునే నువ్వు సూదుల్లో బయట్నుంచి తెచ్చి నింపినావు. పైనోడు, అదే ఆ గ్రంథి, గోడౌను సూసి ఆర్డరు ఆపేసినాడు. కింద పని నిలిసిపోయింది. ఆరు తీసుకుంటే తగ్గించినాడా వాడు?"

"తగ్గించినాడు."

"బాగా కలిసొచ్చింది నీకు."

నేను తల దించుకున్నాను. ఆమె గొంతు మెత్తబడింది. "నీ పెండ్లానికీ అదే గ్రంథి ఉండాది. నెలనెలా అది కబురు పంపుతానే ఉండాది, అండాశయం అండాన్ని ఇస్తానే ఉండాది. ఆ పిల్ల పని ఆ పిల్ల చేస్తానే ఉండాది నాయనా."

"నాది ఎప్పటికి బాగవుతుంది?"

"ఒక బీజం తయారయ్యేదానికే రెండున్నర నెలలు. కబురు మళ్ళా ఎప్పుడు మొదలవుతాదో డాక్టరుకే తెలీదు."

"ఆర్నెల్లలో కాదా సిస్టర్?"

"ఎవురితో బేరమాడతాండావప్పా?"

తర్వాతి రోజులు నీళ్ళ అడుగున గడిచినట్లు గడిచాయి. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో వరస బిందెల మీద నా ముఖం వంకరగా, పది ముఖాలుగా తేలేది. కళ్ళు మూస్తే నా లోపల ఒక ఊరు. మసక వెలుతురులో ఒక బస్సు నిదానంగా పోతూ ఉంటుంది. ఇళ్ళన్నీ మూసి ఉంటాయి. దిగవలసిన మనిషి ఎక్కాడో లేదో తెలియదు. నా ఒంట్లో నాకు తెలియకుండా ఇన్ని కబుర్లు నడుస్తున్నాయా అని వింతగా, కొంచెం భయంగా ఉండేది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. మూడో నెలలో అమ్మ సుజాతను కుప్పం పంపేసి, వేరే సంబంధం మాట ఎత్తింది. సిస్టరుకు ఫోన్ చేశాను.

"మళ్ళా పరీక్ష దగ్గర్లోనే ఉండాది సిస్టర్. బాగా వస్తే అప్పుడు చెప్తాను."

"బాగా వస్తే సెప్పేదానికి ఏముండాది? రాకముందే సెప్పు," అని పెట్టేసింది.

మాట్లాడే పని ఉందని అమ్మను వెంటబెట్టుకుని కుప్పం పోయాను. వరండాలో సుజాత చింతపండుకు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను. "లోపం నాది. సూదులు వేయించుకుని నేనే చెడగొట్టుకున్నాను. బాగవుతుందో లేదో తెలీదు." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుజాత చేతులు ఆగలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"మూడు నెలలయింది."

"అంటే తెలిసినాక కూడా నేను పసరు తాగతాంటే సూస్తానే ఉండావు."

ఆమె ఆ రోజు నాతో రాలేదు. రెండు నెలల తర్వాత, తనంతట తాను వచ్చింది. నా ఒంట్లో ఆగిన కబురు కదలడానికి ఏడాది దాటింది. ఇప్పుడు మా పాప బడికి పోతోంది. అందరూ కథను అక్కడ ముగించుకుని సంతోషిస్తారు.

ఆ రోజు కుప్పం నుంచి ఒంటరిగా తిరిగొచ్చిన సాయంత్రమే సిస్టరుకు ఫోన్ చేసి, చెప్పేశానన్నాను. సుజాత ఏమందని అడిగింది. చెప్పాను.

"ఆ మాట మోయి నాయనా. దించుకోవద్దు," అంది.

మోస్తున్నాను.