సూర్యకళ చేసిన బోణీ

రాజమండ్రిలో గోదావరి గట్టు దిగిన సందులో ఇరవై ఏళ్లుగా కూరగాయలమ్ముతున్న సూర్యకళకి ఈ మధ్య ఒకటే జబ్బు. దాని పేరు నాగదుర్గ. ఈర్ష్య అంటే మర్యాదగా ఉంటుంది గానీ, సూర్యకళది అచ్చమైన కడుపుమంట.

నాగదుర్గ లంక మనిషి. నది మధ్య లంకలో మొగుడికీ తనకీ కలిపి ఎకరం వంగతోట. తెల్లవారుతూనే కాయలు కోసి, గంపకెత్తి, పడవలో ఏరు దాటి వచ్చి సూర్యకళకి సరిగ్గా ఎదురుగా కూర్చుంటుంది. ఆ కాయల తొడిమల ముళ్లు ఇంకా వేళ్లకి గుచ్చుకుంటూనే ఉంటాయి. ఎనిమిదయ్యేసరికి గంప బోర్లించి వెళ్లిపోతుంది. సూర్యకళ మాత్రం హోల్‌సేల్ మార్కెట్లో లారీ దిగిన బస్తా కొని తెచ్చి, వడలిన కాయల మీద నీళ్లు చిలకరిస్తూ మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. "పొరుగింటి పుల్లకూర రుచి. నాలుగు రోజులు పోతే అందరూ వెనక్కొస్తారు" అని సరిపెట్టుకుంది. నాలుగు నెలలైంది. ఎవరూ రాలేదు.

అదైనా ఓర్చుకునేదేమో గానీ, టీచరుగారు కూడా ఆ గంప దగ్గరికి మారిపోవడం ఓర్చుకోలేకపోయింది. రిటైరైన సత్యకుమారి టీచరుగారి చేతి బోణీకి ఆ సందులో పేరుంది. పొద్దున్నే ఆవిడ మొదటి బేరం చేస్తే ఆ రోజు సరుకు మిగలదని నమ్మకం. ఇరవై ఏళ్లూ ఆ బోణీ సూర్యకళదే. ఆవిడిచ్చిన డబ్బు కళ్లకద్దుకున్నాకే కాటా ముట్టుకునేది. ఇప్పుడా డబ్బు నాగదుర్గ కళ్లకద్దుకుంటోంది, అదీ సూర్యకళ కళ్లెదుటే.

ఒకరోజు అలా చూస్తుండగా సూర్యకళకి పోయిన అత్తగారు గుర్తొచ్చింది. "నీది దరిద్రపు చెయ్యే, పాదు పెడితే ఎండిపోద్ది" అని ఆవిడ బతికినన్నాళ్లూ సాధించింది. ఆ మాటకి సూర్యకళ ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. ఇప్పుడు మాత్రం అదే పనికొచ్చేలా తోచింది. టీచరుగారి కంటే ముందు ఈ చేత్తోనే నాగదుర్గకి బోణీ చేస్తే?

మర్నాడు బస్తా మూతి విప్పి, కాయలైనా సర్దకుండానే ఎదుటికెళ్లి నిలబడింది.

"కేజీ వంకాయలియ్యి."

నాగదుర్గ తెల్లబోయింది. "మీకు డబ్బులేంటి అక్కా, తీసుకెళ్లండి."

"ఊరికే వద్దు. బోణీ చేస్తాను." డబ్బు దాని అరచేతిలో బలవంతాన పెట్టి, ఇక దీని పని అయిందని మురిసిపోతూ వచ్చి కూర్చుంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. ఆ కొనడం సందంతా చూసింది. కూరలమ్మే మనిషే తన బస్తా వదిలేసి ఎదుటి గంపలో కొంటోందంటే జనానికి ఇంకేం కావాలి? టీచరుగారైతే "సూర్యకళే నీ కాయలు ఇంటికి పట్టుకెళ్తుంటే ఇంక నేను ఏరుకోవడం కూడా దండగే" అంటూ సంచీ చాపారు. ఇదివరకు ఇటు తిరిగి మొహమాటంగా ఓ నవ్వైనా నవ్వేవారు. ఆ రోజుతో ఆ మొహమాటం కూడా తీరిపోయింది. ఏడు కాకుండానే గంప ఖాళీ.

వెళ్తూ వెళ్తూ నాగదుర్గ సూర్యకళ దగ్గరికొచ్చింది. "మీ చెయ్యి ఎంత మంచిదో అక్కా. ఇంత తొందరగా ఎప్పుడూ అమ్ముడవలేదు. రేపూ మీరే బోణీ చెయ్యాలండి."

సూర్యకళ తల వంచుకుని కాయల మీద గబగబా నీళ్లు చిలకరించింది. యాభై ఏళ్లలో తన చెయ్యి మంచిదన్న మొదటి మనిషి ఇదే అయి కూర్చుంది. మనసారా తిట్టుకోవడానికి ఒక్క తప్పైనా చెయ్యదేం ఈ పిల్ల అని కుమిలిపోయింది.

డబ్బు పెట్టి కొన్న కాయలు పారేయడానికి మనసొప్పక, మధ్యాహ్నం ఇంటికెళ్లి అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి కూర చేసింది. అన్నం వార్చేలోగా మగ్గిపోయాయి. గింజ లేదు, చేదు లేదు. భర్త బుల్లబ్బాయి కంచంలో ఏముందో చూడకుండా తిని లేచే రకం. ఆ పూట అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు.

"కాయలు బాగున్నాయే. ఏ బస్తాలోవి?"

"బస్తాలోవి కాదు. లంకవి. మన ఎదురుగా అమ్ముతారు."

"మరి ఇన్నాళ్లూ తేలేదేంటి?"

సూర్యకళ మజ్జిగ గిన్నె ఆయన ముందుకి జరిపింది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లాక, మూకుడులో మిగిలిన కూరలో అన్నం కలుపుకుంది. ముద్ద ముద్దకీ నాగదుర్గని తిట్టుకుంటూ, మూకుడు తుడుచుకుని మరీ తింది.