తమ్ముడు పెట్టనన్న సంతకం

ఎమ్మిగనూరులో మా నాన్న గుడి పూజారి. నేను అయిదో తరగతితో బడి మాని, ఆదోనికి కోడలిగా పోయాను. ఇంట్లో చదువంతా మా తమ్ముడికే వచ్చింది. వాడు హైదరాబాదులో మిలిటరీకి సంబంధించిన ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసేవాడు. ఏం పనిరా అంటే నవ్వి ఊరుకునేవాడు. బయట చెప్పకూడదట. గుడి ఆదాయం దీపం నూనెకే సరిపోయేది కాదు, ఇల్లు నడిచేది వాడి జీతం మీదే.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం వాడు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాడు. అమ్మ కబురు పంపితే నేను ఆదోనిలో దొరికిన బస్సెక్కి, పత్తి మూటల మీద కూర్చుని పోయాను. వాడు గడ్డం పెరిగి, అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. అడగ్గా అడగ్గా కొంత చెప్పాడు.

ఫిరంగికి గురి చూపించే యంత్రమేదో తయారు చేస్తున్నారట. అది ఎప్పుడు ఏం చేయాలో కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలో రాసి పెట్టాలి. అలాంటి భాషలు చాలా ఉన్నాయట. అందులో నమ్మదగింది ఎంచమని వీడికీ ఇంకొందరికీ అప్పగించారు. వీడు బాగా గట్టిదొకటి చూపించాడు. పై ఆఫీసరు అది కుదరదన్నాడు. ఇంకో భాషైతే ఆఫీసులో అందరికీ వచ్చు, పని తొందరగా తెములుతుంది, యంత్రం పరీక్షకు తేదీ కూడా ఖాయమైపోయిందన్నాడు. ఆ రెండో భాషే నమ్మదగిందని కాగితం మీద వీడు సంతకం చేయాలి. వీడు చేయనన్నాడు. సెలవు మీద పోయి, బుద్ధి తెచ్చుకుని రమ్మని పంపేశారు.

మా నాన్న అంతా విని, "మిలిటరీ అంటే హిందీనే కదప్పా, దానికింత తగువెందుకు?" అన్నాడు. వచ్చినప్పటినుంచీ తమ్ముడు నవ్వింది అప్పుడే.

మా అమ్మ మడి సంగతి వీధంతా తెలుసు. దండెం మీది మడిబట్టకు ఎవరి కొంగైనా తగిలిందని అనుమానం వస్తే చాలు, మళ్లీ తడిపి ఆరేసేది. మడి లేని చేయి గిన్నెకు తగిలితే నైవేద్యం మళ్లీ మొదటినుంచీ వండేది. నాకు అర్థం కావడానికి తమ్ముడు ఆ వంటింటినే చూపించాడు.

"గట్టి భాష అమ్మ మాదిరక్కా. తగలకూడనిది తగిలితే గడప కాడనే ఆపుతాది, పొయ్యి కూడా ముట్టిచ్చనీదు. ఆ రెండోది ఎవురొచ్చినా రానిస్తాది. తిన్నంక గాని తప్పు తెలీదు."

"గట్టిదైతే తప్పే రాదా మరి?"

"వస్తాది. దానికీ దొరకనివి ఉంటాయి. దొరికేటివన్నా ఈడనే దొరకాల కదా. గుండు పేలినాక దొరికితే ఏం చేసుకుంటాం?"

అమ్మ లోపలినుంచి వింటూనే ఉంది. ఆఫీసులో పెద్దాయన పెట్టమంటే పెట్టేయరాదా, తప్పుంటే ఆయనదే కదా అంది. తప్పు ఆయనదైనా, ప్రాణం దాని పక్కన నిలబడే జవానుది అన్నాడు తమ్ముడు.

"నీ నైవేద్యం గిన్నె నేను ముట్టుకుంటే, పోనీలే అంటావా అమ్మా?"

"అది దేవునిదప్పా."

"ఇది మనుషులది."

అంత మడి కట్టే మనిషికి ఈ మాట ఎందుకు ఎక్కదో అని నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆమె భయమంతా వాడి కొలువు గురించి. ఏమీ తోచనప్పుడు అమ్మ దేవుణ్ణి పూలు అడిగేది. తెల్లపూలొక పొట్లం, ఎర్రపూలొక పొట్లం కట్టి దేవుని ముందు పెట్టి, ఒకటి తీయించేది. నా పెండ్లి అట్లే ఖాయం చేసింది. ఇది పూలు అడిగే సంగతి కాదమ్మా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. నాకే తలస్నానం చేయించి కూర్చోబెట్టింది. తెల్లవి వస్తే సంతకం పెట్టాలి, ఎర్రవి వస్తే మానాలి.

నేను తీసిన పొట్లంలో మల్లెలున్నాయి. అమ్మ రెండు చేతులూ జోడించి, దేవుడే చెప్పినాడు, పోయి పెట్టి రాప్పా అని కళ్లు తుడుచుకుంది.

తమ్ముడు నావైపు చూశాడు. "రెండిట్లో అదే ఎందుకు తీసినావక్కా?"

"ఎందుకేముంది? చేతికి దగ్గర అదే ఉండె."

"ఆఫీసులో వాళ్లూ ఆ భాషను అట్లనే తీసినారు" అని లేచి పోయాడు.

మరునాడు వాడు కర్నూలు బస్సెక్కాడు. సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టడం లేదో వివరంగా రాసి ఇచ్చాడట, ఎవరూ చదవలేదట. కొలువు పోలేదు గానీ, ఆ పనిలోంచి తీసేసి పాత పుస్తకాలుండే గదిలో కూర్చోబెట్టారు. వాడి స్థానంలో వచ్చినాయన వారం తిరక్కుండా సంతకం చేశాడు. ఆ పని ఒక్క పూట కూడా ఆగలేదు. దేవుని మాట కాదన్నాడని అమ్మ చాలా నెలలు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. నాన్న ఇద్దరి మధ్య నలిగిపోయాడు.

తర్వాత వాడు ఇంటికొచ్చినప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను, అవును, కోపంతోనే అడిగాను. ఆ యంత్రం ఏమైంది అన్నాను. తనకిప్పుడు ఎవరూ చెప్పరన్నాడు.

"మరి నువ్వు పెట్టకపోతే ఏం ఒరిగిందిరా?"

"ఏమీ ఒరగలే. నా పేరు దాని మీద లేదు, అంతే."

అది చాలని వాడి ముఖంలో నాకెక్కడా కనబడలేదు.