తేలికపాటి టిఫిను

త్రిమూర్తులు పేరు చెబితే పి.గన్నవరం చుట్టుపక్కల జనానికి ముందు పనసపొట్టు కూర గుర్తొస్తుంది, తర్వాతే మనిషి. ముప్పై ఐదేళ్లుగా పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ వంట చేస్తున్నాడు. గాడిపొయ్యి తవ్వించి, సరుగుడు కట్టెలూ కొబ్బరి డొక్కలూ ఎగదోసి, ఆరు వందల మందికి ఒక్క చేతి మీద వండించగలడు. వండి ఊరుకునే రకం కూడా కాదు. పంక్తుల్లోకి వచ్చి తనే కొసరి కొసరి వడ్డిస్తాడు. వద్దని ఎవరైనా విస్తరి మీద చేతులు అడ్డం పెడితే ఆ చేతుల మీదే బూరె పెట్టి ముందుకు వెళ్లిపోతాడు.

అలాంటి మనిషికి రెండేళ్ల నుంచి ఆయాసం. ఊళ్లో డాక్టరు ఇచ్చిన పీల్చే మందుతో తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. భార్య సత్యవేణి పోరు పడలేక అమలాపురంలో ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడి డాక్టరు అడిగిన మొదటి మాట, "రోజుకి ఎన్ని చుట్టలు?"

"చుట్టా బీడీ ఎరగనండి. వంటపని నాది."

డాక్టరు నమ్మినట్టే తలూపి, కాగితం మీద ప్రశ్నార్థకం వేసి, ఊపిరితిత్తుల పరీక్ష రాశాడు.

ఆ పరీక్ష చేసే అమ్మాయి లక్ష్మీప్రసన్న జాగ్రత్తలు చెప్పింది. "గురువారం పదింటికి రండి బాబాయ్ గారూ. ఆ పొద్దున్న పీల్చే మందు వాడొద్దు. కాఫీ, టీ తాగొద్దు. బట్టలు వదులుగా ఉండాలి. టిఫిను తేలిగ్గా, అదీ ఎనిమిదిలోపే. కడుపు బరువుగా ఉంటే పూర్తిగా ఊదలేరు."

"తేలిగ్గా అంటే ఎంతండమ్మా?"

"రెండు ఇడ్లీలండి."

"ఆయ్," అన్నాడు గానీ, ఆయన వంటలో అలాంటి కొలత ఎప్పుడూ లేదు. రెండు ఇడ్లీలంటే ఇంటికొచ్చినవాణ్ని అవమానించడానికి పెట్టే లెక్క.

అయినా పరీక్ష పరీక్షే కాబట్టి శ్రద్ధగా తయారయ్యాడు. అడిగింది ఒక్క పూటే అయినా నాలుగు రోజుల ముందే కాఫీ మానేసి తలనొప్పి తెచ్చుకున్నాడు. సాధన ఉంటే మంచిదని పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదాడు. బూడిద లేచి మొహాన పడితే అరగంట దగ్గాడు.

గురువారం ఆరింటికే రెండు ఇడ్లీలు తిని బస్సెక్కాడు. అమలాపురంలో దిగేసరికి ఇంకా ఎనిమిదిన్నరే. మందు పీల్చలేదేమో, నాలుగడుగులకే రొప్పు వచ్చింది. కాసేపు కూర్చుందామని దగ్గర్లోనే ఉన్న అక్క రామలక్ష్మి ఇంటికి వెళ్లాడు. అదే పొరపాటు.

"పరీక్షకి ఖాళీ కడుపుతో వెళ్తావేంట్రా తమ్ముడూ?"

"ఖాళీ కాదక్కా. రెండు ఇడ్లీలు తిని వచ్చేను."

"అవి బస్సులోనే అరిగిపోయుంటాయి."

పెసరట్టు ఉప్మా వచ్చింది. తిన్నాడు. రెండో అట్టు వస్తుంటే పళ్లెం మీద చేతులు అడ్డం పెట్టాడు. రామలక్ష్మి ఆ చేతుల మీదే అట్టు వేసింది. వేళ్లు చురుక్కుమంటే తీసేశాడు. ఇన్నేళ్లూ పంక్తుల్లో జనం తన వైపు ఎందుకలా చూసేవారో అప్పుడు అర్థమైంది. అయితే ఉప్మాలో జీడిపప్పు బాగా పడింది. మూడో అట్టు ఆయనే అడిగాడు. కాఫీ మాత్రం గట్టిగా వద్దన్నాడు. "పాలే లేరా, రంగు కోసం చుక్క డికాక్షను," అంటూ అక్క గ్లాసు చేతిలో పెట్టింది.

"టిఫిను తేలిగ్గానే చేసేరా బాబాయ్ గారూ?" అని లక్ష్మీప్రసన్న అడిగినప్పుడు అబద్ధమే చెప్పబోయాడు. ఇంతలో త్రేనుపు వచ్చేసింది.

"మూడు పెసరట్లండి. ఉప్మాతో. మా అక్క పెట్టింది."

"కాఫీ?"

"పాలేనండి. కాస్త రంగుంది."

"సోమవారం రండి," అంది ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ. "ఈసారి అక్కగారికి చెప్పకండి."

సోమవారం ఆటోలో తల దించుకుని అక్క ఉండే వీధి దాటాడు. లక్ష్మీప్రసన్న ముక్కుకి క్లిప్పు తగిలించి, నోటికి గొట్టం అందించింది. "గట్టిగా పీల్చండి. ఇప్పుడు ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకొంచెం, ఇంకొక్క రవ్వ..." చాలని చెయ్యి ఊపినా వదల్లేదు. అలా మూడుసార్లు. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ మూడుసార్లు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తెర మీద గీత కాస్త లేచి, వెంటనే వాలిపోయింది.

డాక్టరు కాగితం చూశాడు. "మీకు యాభై ఎనిమిది. మీ ఊపిరితిత్తులకి ఎనభై దాటేయి. పొగ తాగలేదన్నారు?"

"లేదండి."

"తాగేరు. కట్టెల పొగ. ముప్పై ఐదేళ్లు."

తన పొయ్యి దరిదాపుల్లో బీడీ వెలిగించిన వాళ్లను, ఒంటికి మంచిది కాదని చెప్పి అవతలికి పంపించేసిన మనిషి త్రిమూర్తులు.

"మందు రోజూ పీల్చాలి. పొయ్యికి దూరంగా ఉండాలి. పోయిన ఊపిరి రాదు, ఉన్నది నిలబెట్టుకుందాం," అన్నాడు డాక్టరు.

రెండు నెలలు ఇంట్లోనే కూర్చున్నాడు. అప్పుడు పక్క ఊరి పెళ్లివారు పట్టుబట్టి తీసుకెళ్లి, పొగ తగలనంత దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వంటవాళ్లు చిన్న గిన్నెలో కూర తెచ్చి చూపిస్తే, నాలిక మీద వేసుకుని "ఉప్పు" అనో, "ఇంకో ఉడుకు" అనో అన్నాడు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాననుకున్నాడు.

చూసినవాళ్లు మరోలా అనుకున్నారు. కుర్చీలోంచి కదలకుండా ఆరు వందల మందికి వండించాడంటే ఎంత పనిమంతుడో అన్నారు. పొగలో నిలబడినన్నాళ్లూ త్రిమూర్తులు అన్నవాళ్లే త్రిమూర్తులు గారు అనడం మొదలుపెట్టారు. వైశాఖం ముహూర్తాలు మాఘంలోనే నిండిపోయాయి.

"మొదట్నించీ ఇలా కూర్చునే చేయిస్తే పోయేది కదండీ," అంది సత్యవేణి.

త్రిమూర్తులు ఊపిరి అందేదాకా ఆగాడు.

"మొదట్లోనే కూర్చుంటే ఎవరు పిలుస్తారే?"