అక్క ఏడ్చిన సీరియల్

మా అక్కకు కడుపులో గడ్డ క్యాన్సరని తేలిన రోజు ఆమె ఏడవలేదు. జబ్బు చాలా దూరం వెళ్లిందని డాక్టరు చెబుతుంటే బావ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అక్క మాత్రం, "మిర్చి కోతల కల్లా లేస్తనా సారూ?" అని అడిగింది. చూద్దామమ్మా అన్నాడాయన.

వాళ్లది భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఊరు. పిల్లలు లేరు. మందు ఎక్కించుకోవడానికి ప్రతిసారీ అంత దూరం నుంచి బస్సుల్లో తిరగలేదని, అక్కను ఖమ్మంలో నా దగ్గరే ఉంచుకున్నాను. ఖానాపురం హవేలిలో నాది రెండు గదుల కిరాయి ఇల్లు. ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు పని. పొద్దున షేర్ ఆటో ఎక్కి పోతే సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. బావ చేను వాళ్ల తమ్ముడికి అప్పగించి వచ్చి పగలంతా అక్క పక్కనే ఉండేవాడు.

రోజూ సాయంత్రం ఒక సీరియల్ వచ్చేది. అందులో ఒక తల్లికి పెద్ద జబ్బు. పిల్లలకు చెప్పకుండా దాచుకుంటుంది. ఆ దాచుకోవడాన్నే నెలల తరబడి లాగారు. అక్క గోడకు దిండు ఆనించుకుని చూసేది. ఆ తల్లి వంటింట్లో కడుపు పట్టుకుని గోడకు ఒరగగానే అక్క కళ్లు నిండేవి. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చేది. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా ఊడి వచ్చినప్పుడు కూడా రాని ఏడుపు అది. తిన్నదంతా కక్కుకుని నేల మీద కూలబడినప్పుడూ రాలేదు.

నాకు చిరాకేసేది.

"ఏందక్కా, గదంతా యాక్టింగే గదా. ఆమె ఇంటికి పోయి మంచిగ బిర్యానీ తింటది" అన్నాను ఒకసారి.

"నాకు తెల్వదా?" అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "నా గురించి ఏడిస్తే మీ బావ బెదురుతడు. గామె గురించి ఏడిస్తే ఎవలకేంది?"

బావ అప్పుడు బయట తీగ మీది బట్టలు తీస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఆ తర్వాత మాత్రం సీరియల్ పాట మొదలవగానే చెప్పులేసుకుని మెట్ల మీదికి పోయి కూర్చునేవాడు. అయిపోయాక వచ్చి, ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టమనేవాడు.

ఒకరోజు కింద ఇంటి ఓనరమ్మ పెరుగు ఇవ్వడానికి పైకి వచ్చింది. "తల్లి వేషం ఆవిడ మానేస్తుందంటండీ. ఈ వారంలో చంపేస్తారంట" అని చెప్పి వెళ్లింది. అక్క స్నానానికి పోయింది కాబట్టి వినలేదు. బావ ముఖం పాలిపోయింది.

ఆ సాయంత్రం టీవీ రాలేదు. "రీఛార్జ్ అయిపోయింది" అన్నాడు బావ. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు బావ మందుల షాపుకు పోగానే నన్ను పిలిచింది.

"ఫోన్ల వస్తది గద చెల్లె. పెట్టు."

"బావ తిడతడక్కా."

"మీ బావ వైరు పీకి పెట్టిండు. నాకు కనపడదా? జల్దీ పెట్టు."

ఫోను దిండుకు ఆనించి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని చూశాం. ఆసుపత్రి మంచం చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. తల్లి ఒక్కొక్కరినీ పిలిచి, చేయి పట్టుకుని, చాలాసేపు మాట్లాడింది. కోడలు కాళ్ల మీద పడింది. ఆమెను క్షమించింది. ఆ తర్వాత తల ఒక పక్కకు వాలిపోయింది. నేను భయపడుతూ అక్క వైపు చూశాను. అక్క కళ్లు పొడిగా ఉన్నాయి.

"ముఖం మీద పౌడర్ గూడ చెదరలే" అంది. "గంతసేపు మాట్లాడే ఓపిక ఉంటదా?"

ఫోను బోర్లా పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత బావ తనే వైరు పెట్టి, సీరియల్ పెట్టి, "చూడవా?" అని అడిగాడు. "నువ్వు చూడు" అంది. మళ్లీ ఎప్పుడూ ఆమె ఏడవడం నేను చూడలేదు. అన్నిరోజులూ ఆ ఏడుపును విసుక్కున్నదాన్ని, అది ఆగిపోయాక భయపడ్డాను.

చలికాలం చివర్లో మందులు పనిచేయడం లేదని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పారు. నేనూ సెలవు పెట్టి వాళ్లతో ఊరికి వెళ్లాను.

అక్క పోయిన పూట ఆమె చుట్టూ ఎవరం లేం. బావ కొబ్బరిబోండాల కోసం భద్రాచలం వెళ్లాడు. నేను పొయ్యి దగ్గర జావ కలుపుతున్నాను. బయట మిర్చి ఆరబోస్తున్న ఆడవాళ్లు ఏదో మాట మీద నవ్వుకుంటున్నారు. గ్లాసు తీసుకుని వెళ్లి, "లే అక్కా" అన్నాను. లేవలేదు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. అంతకుముందు ఆమె నాతో అన్న ఆఖరి మాట, ఫ్యాను తగ్గించమని.

బావ వచ్చి, బోండాలను ఒక్కొక్కటిగా నీడలో పెట్టి, వాటి పక్కనే కూర్చున్నాడు. ఆయన ఏడవలేదు. నేను ఏడ్చాను గానీ, వచ్చినవాళ్లు ఏడుస్తుంటే చూసి ఏడ్చాను.

వానాకాలంలో ఒక ఆదివారం బావను చూడటానికి వెళ్లాను. టీవీలో అదే సీరియల్ పాత భాగాలు మళ్లీ వేస్తున్నారు. తల్లికి ఇంకా జబ్బు రాలేదు. పెద్ద కూతురి పెళ్లి, ఒకటే సందడి, ఒకరి మీద ఒకరు పసుపు నీళ్లు చల్లుకుంటున్నారు. ఏడవాల్సిందేమీ లేదు. బావ చొక్కా తడిసేలా ఏడుస్తున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం గాలే. పెండ్లి జేస్తుండ్రు." టీవీ వైపు చేయి చూపించి అన్నాడు, "గా చీర జూసి మీ అక్క ఏదో ఒకటి అంటుండె."

పెళ్లికూతురిది చిలకపచ్చ చీర. అంచు పెద్దది, మనిషి చిన్నది. నిజమే, అక్క ఊరుకునేది కాదు. ఏమనేదో ఊహించుకుందామని ఎంతో ప్రయత్నించాను. ఆమె నోటి మాట ఒక్కటీ నాకు తట్టలేదు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, ఎవరినీ చూసి కాదు.

ప్రకటనలు వచ్చాయి, పోయాయి. పెళ్లి ఇంకా అవుతూనే ఉంది. ఆ సాయంత్రం బస్సు తప్పిపోతే, మర్నాడు పొద్దున ఖమ్మం వెళ్లాను.