మా మేనత్త కుట్టిన పట్టాభిషేకం గౌను

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో ఒక బొమ్మల సినిమా చూపించింది. అందులో రాకుమారికి పట్టాభిషేకం. ఆ పిల్ల గిర్రున ఒక్క చుట్టు తిరిగిందో లేదో, పాత బట్టలు మాయమై నేలంతా పరుచుకునే తళతళల గౌను ఒంటిమీదికి వచ్చేసింది. ఎవరు కుట్టారే అని అడిగితే, ఎవరూ కుట్టరు అజ్జీ, అదే వస్తుంది అంది. నాకు ఒళ్లు మండింది. ఏ గౌనూ దానంతటదే రాదు. నాది ఎలా వచ్చిందో చెబుతాను, నా ఈడువాళ్లకైనా అర్థమవుతుంది.

మా తాతలు పాలమూరు నుంచి ఈ ముంబై నగరానికి గోడలు కట్టడానికి వచ్చి కామాటిపురాలో స్థిరపడ్డారు. వరస గదుల చాల్‌లో మాది ఒకటే గది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మా మేనత్త మాతోనే ఉంటూ, నాగ్‌పాడాలో పెళ్లిబట్టల మీద జరీ పని చేసే కార్ఖానాకు వెళ్లేది. నేను గ్రాంట్ రోడ్ దగ్గరి బడిలో ఆరో తరగతి చదివే ఏడు, గొంతు ఖంగుమంటుందని నాటకంలో నాకు రాణి వేషం ఇచ్చారు. చివరి రంగం పట్టాభిషేకం. గౌను మేమే తెచ్చుకోవాలి.

అత్త ఏదో పాత పత్రికలో పరదేశపు రాణి బొమ్మ చూసి, కార్ఖానాలో మిగిలిన సాటిన్ ముక్కలు సేటును అడిగి తెచ్చి, అతుకులు కనబడకుండా వాటిమీద తంగేడు పూలూ గునుగు పూలూ కుట్టింది. గులాబీలు కుట్టలేదేమని నేను సణిగితే, ఏ ఊరి రాణికి ఆ ఊరి పూలే అని కొట్టిపారేసింది. వెనకాల జీరాడే తోక మా గదిలో పట్టక వరండాలో పరిస్తే, పక్కగదుల ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మరీ దాన్ని దాటేవాళ్లు.

ఇంతలో ఒక తల్లి బడికి వచ్చి, కామాటిపురా పిల్ల ముందు మా అమ్మాయి చెలికత్తెలా వంగి నిలబడాలా అని గొడవ చేసింది. మా పేట పేరు చెబితే ఈ నగరానికి అప్పుడూ ఇప్పుడూ ఒకటే అర్థం, ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల వీధి అని. గోడలు కట్టిన కామాటీల వల్లే ఆ పేరు వచ్చిందని ఎవరికీ గుర్తుండదు. నా వేషం ఆమె కూతురికి పోయింది. అంతటితో ఆగక, గౌను కూడా ఆ పిల్లకే ఇమ్మని హెడ్‌మిస్ట్రెస్ కబురంపింది. బడితో మనకెందుకు పంతం, ఇచ్చేద్దామంది అమ్మ. అత్త గౌను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్య. ఇది నా కోడలి కొలతకు కుట్టిన. దీనిదే."

నాటకం రోజు నాకు ఆ గౌను తొడిగి, బడికి తీసుకెళ్లి, ప్రేక్షకుల్లో మొదటి వరుసలో కూర్చోబెట్టింది. తోకను నడిమి దారిలో పొడుగ్గా పరిచింది. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి వెనక్కి వెళ్లమంటే, పిల్ల మీ బడిదే, కుర్చీ ఖాళీదే, తప్పేముందని తనకొచ్చిన హిందీలో అడిగి కదలకుండా కూర్చుంది. నాకు లేచి పారిపోవాలనిపించింది.

"తల దించకు బిడ్డా. దించితె మెడకాడ జరీ కుచ్చుకుంటది."

కొత్త రాణి బాగానే చేసింది, పాపం. నడుమ ఒక మాట మరిచిపోతే కింద నుంచి నేనే అందించాను, హాలంతా నావైపు చూసేంత గట్టిగా.

తిరిగి వచ్చేటప్పుడు తోక మురికి కాకుండా అత్త ఎత్తిపట్టుకుంది. గల్లీ మొదట్లో గుమ్మాల దగ్గర నిలబడే ఆడవాళ్లు, ఎవరి పేరు చెప్పి నా వేషం లాక్కున్నారో వాళ్లే, దిగివచ్చి రెండో కొస పట్టుకున్నారు. చాల్ మెట్ల దాకా వాళ్లే మోశారు. వాళ్లు కనబడితే తల తిప్పుకొమ్మని నేర్పిన అమ్మ ఆ రోజు వాళ్లకు తన చేత్తో చాయ్ ఇచ్చింది.

అత్త పోయి చాలా కాలమైంది. ఈ మధ్య టీవీలో నిజం పట్టాభిషేకం ఒకటి చూపించారు. రాణి గౌను మీది పూలను ఒక్కొక్కటిగా వర్ణించారు కానీ, కుట్టిన చేతులను ఎంతసేపు చూసినా చూపలేదు. మా చాల్ పడగొట్టి మేడలు లేపుతారట. ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే పక్కనున్న ముంబై సెంట్రల్ పేరు చెప్పమని మా కోడలు మనవరాలికి నేర్పింది. ఆమె భయం నాకు తెలియనిది కాదు. నేను మాత్రం టాక్సీ ఎక్కి కామాటిపురా అనే అంటాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను ఒకసారి చూస్తాడు. నేనూ చూస్తాను. ముందు చూపు తిప్పుకునేది ఎప్పుడూ అతనే.