ఉప్పురాశికి ఏటవాలు ఎత్తు

మొన్న మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకొచ్చి, పిరమిడ్ పక్కతల వైశాల్యానికి ఏటవాలు ఎత్తు బదులు నిలువెత్తు తీసుకుంటే ఏం పోతుందని అడిగింది. ఆ బొమ్మ చూడగానే నా అరచేతులు చెమర్చాయి. పరీక్షల భయం కాదు లెండి, లెక్కల్లో నేను బాగానే ఉండేదాన్ని. ఇది ఉప్పు భయం.

నౌపడ దగ్గర ఉప్పు మడుల పక్కకి నేను కాపురానికొచ్చిన మొదటి వేసవి అది. అమ్మకం పోగా మిగిలిన ఉప్పంతా మా మామగారు గట్టు మీద నలుచదరంగా, పైన మొన తేలేలా రాశి పోయించారు. అది కరిగిపోతే మళ్ళీ ఉప్పు పండేదాకా ఇంటిల్లిపాదికీ తిండికి కటకటే. టీవీలో తుపాను అంటున్నారు. ఏటా కప్పే తాటాకు ఆసారి దొరకలేదు. వాన దిగని బరకం గుడ్డ కొని, నాలుగు త్రికోణపు పలకలుగా కోసి కుట్టి కప్పుదామన్నారు. "సదువుకున్నదానివి, ఎంత గుడ్డ కావాలో సెప్పమ్మా," అన్నారు మామగారు. రాశి అడుగున ఒక్కో పక్క పదహారు అడుగులు. మా ఆయన కొనలోంచి గెడ గుచ్చి, ఎత్తు ఆరడుగులని తేల్చేశారు. గుడ్డ రాశి లోపల్నించి దిగదు కదా, వాలు మీద పరుచుకుంటుంది కదా అన్నాను. పదహారులో సగం ఎనిమిది, ఎత్తు ఆరు, ఆ రెంటికీ కర్ణమైన వాలు పది. ఒక్కో పలకకి ఎనభై, నాలుగింటికీ మూడు వందల ఇరవై చదరపు అడుగులు. "ఎత్తు ఆరే గదే! పది మీ కన్నోరింటి నుంచి తెచ్చినావేటి?" అని మా ఆయన ఒకటే నవ్వు. మామగారు మాత్రం నవ్వలేదు. "కోడలు సెప్పినట్టే తెండి," అన్నారు. అంతవరకూ ఉన్న నా ధైర్యం కాస్తా ఆ మాటతో జారిపోయింది.

అత్తయ్య కత్తెర పట్టుకుని, "కోసీమంటావా? ఒకపాలి కోసినాక మల్లీ అతకదే తల్లీ," అంది. తలూపాను. దబ్బనంతో సగం కుట్టాక తట్టింది: పుస్తకంలో త్రిభుజాలకి కుట్లుండవు! మడతల్లోకి గుడ్డ పోతోంది. అందరికీ చెప్పేశాను. విప్పి కుట్టే వ్యవధి లేదు, అప్పటికే గాలి మొదలైంది. నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని లాగితే మూడు పక్కలు నేలకి ఆనాయి. తూర్పు పక్క జానెడు తక్కువైంది. ఆ సందులో తెల్లగా ఉప్పు కనబడుతుంటే నాకు ఏడుపొచ్చింది. మామగారు గట్టు మట్టి తవ్వి అక్కడ మెత్తుతూ, "ఆ జానెడూ వానకి వదిలీ. మిగతాది మనదే," అన్నారు.

ఆ రాత్రి బడిలో తలదాచుకున్నాం. గాలి రేకుల్ని కొట్టినప్పుడల్లా నా కుట్లే విడిపోతున్నాయనిపించింది. తెల్లారి అందరికన్నా ముందు మామగారే వెళ్ళారు. ఎంతకీ రారే! చివరికి నిలువునా తడిసి వచ్చి, నా చెయ్యి చాపించి, గుప్పెట విప్పి పోశారు. పొడి ఉప్పు. "వాలు పదే," అన్నారు, అంతే.

మామగారు పోయి నాలుగేళ్ళు. అమ్మాయి బొమ్మలో పైనుంచి పక్కతల మధ్యగా కిందికి గీత గీసి చూపించాను. ఆ వేసవి నుంచి ఇప్పటికి ఏళ్ళు నిలువెత్తులా లెక్కపెడితే కొన్నే వస్తాయి. బతుకుతూ నేను దిగి వచ్చిన వాలు మాత్రం చాలా పొడుగు.