పెద్దనాయన జంట ఫోటో

పోయిన వారం మా ఆఫీసులో నా చేతికి పెన్షన్ ఫారాల కట్ట ఇచ్చారు. రిటైర్ కావడానికి నాకింకా ఏడాది ఉంది. కానీ ముందుగా మొదలుపెట్టకపోతే ఆ పని తెమలదని, సర్వీసంతా ఇతరుల ఫారాలు నింపిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున నేనూ మా ఆయనా తిరుపతిలో మా వీధి చివరనున్న స్టూడియోకి వెళ్లాం. భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో ఆ కట్టలో తప్పనిసరి. "మేడం, కొంచెం సారు పక్కకు జరగండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి వైపు రెండంగుళాలు జరగమని బయటివాడు చెబితే నాకు నవ్వాగలేదు. మొదటి ఫోటో పాడైంది. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. ఫారాలు ముందేసుకుని కూర్చోవడం, లేచి వసారాలోకి పోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం, సాయంత్రం దాకా ఇదే పని. ఇలాంటి ఒక్క ఫోటో కోసం ఎనిమిది నెలలు కాలుగాలిన పిల్లిలా తిరిగిన మా పెద్దనాయనే ఆ పూటంతా కళ్ల ముందు మెదిలాడు.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. మాది నేతవాళ్ల కుటుంబం. మగ్గం ముందు కుదురుగా కూర్చోలేకే ఆయన చదువుకుని ఉద్యోగంలో చేరాడని మా అవ్వ చెప్పేది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన చొక్కా ఎప్పుడూ టించరు వాసన కొట్టేది. ఆవు ఈనడానికి కష్టపడుతోందంటే తింటున్న అన్నం వదిలేసి సైకిలెక్కేవాడు. అలాంటి కబురేదీ రాకపోయినా అన్నం మధ్యలో ఒకసారి లేచి వాకిట్లోకి తొంగిచూసి వచ్చేవాడు. ఏ ఊళ్లోనైనా రెండేళ్లు నిండితే ఆయనకు కాళ్లు పీకేవి. అందరూ బదిలీ ఆపుకోవడానికి తిరిగితే, ఈయన బదిలీ చేయించుకోవడానికి తిరిగేవాడు. తడ పక్క పల్లెల నుంచి పలమనేరు దాకా ఆయన సూది వేయని గొడ్లు లేవని మా ఇంట్లో హాస్యమాడుకునేవాళ్లం. ప్రతి ఊళ్లోనూ మా పెద్దమ్మ కొత్త పొయ్యి అలుక్కుని, కొత్త పాలవాడితో పరిచయం చేసుకుని, పెరట్లో కనకాంబరాలు నాటేది. అవి పూతకొచ్చే సరికి లారీ వచ్చి నిలిచేది.

పదో బదిలీకీ అలాగే లారీ వచ్చింది. సామానంతా ఎక్కించాక పెద్దమ్మ తన ట్రంకు పెట్టెను దించమని అడిగింది. "నువ్వు పో. నేను మా అన్నోళ్లింటికి పోతా ఉండాను" అంది. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. ఆయన లారీలో పోయాడు, ఆమె బస్సులో నగరికి పోయింది. వాళ్లన్న ఇంట్లో మరమగ్గాలు ఉండేవి, ఆ మగ్గాలకు నూలు కండెలు చుడుతూ అక్కడే ఉండిపోయింది. వాళ్లకు పిల్లల్లేరు, సర్దిచెప్పే వయసున్న పెద్దలూ అప్పటికి లేరు. విడాకులన్న మాటే ఇద్దరికీ తట్టలేదు. మా ఇళ్లలో పెళ్లి జరిగితే ఆమె మొదటి బంతిలో తినేది, ఆయన చివరి బంతిలో తినేవాడు. అట్లా పన్నెండేళ్లు.

చివరికి పెద్దనాయన పూతలపట్టులో రిటైరయ్యాడు. పూలదండ వేశారు, శాలువా కప్పారు, పెన్షన్ మాత్రం రాలేదు. ఫారాలు ఆయన బీరువాలోనే ఉన్నాయని మాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. నేనప్పుడు చిత్తూరులో ఇంకో ఆఫీసులో పనిచేస్తుండేదాన్ని. ఆయన్ను వెంటబెట్టుకుని వాళ్ల సెక్షన్ గుమస్తా దగ్గరికి పోయాను. మంచివాడే పాపం, ఫారం తిరగేసి చూసి, "జంట ఫోటో లేకుంటే ఫైలు వెనక్కొస్తాది సార్. మీరెట్లా వేరేగానే ఉండారు. భార్య లేదని రాసిచ్చేయండి, రెండు నెలల్లో పెన్షన్ పడతాది" అన్నాడు. అప్పటిదాకా కిటికీ దగ్గర పచార్లు చేస్తున్న పెద్దనాయన గిర్రున తిరిగి వచ్చాడు. "ఉండే మనిషిని లేదని ఎట్ల రాసేదప్పా? రేపు నేను పోతే ఆయమ్మకు రావల్సింది ఎవురిస్తారు?" అన్నాడు. ఫారాలు లాక్కుని మెట్లు దిగిపోయాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీదున్న కోపం సగం తగ్గిపోయింది.

మరుసటి ఆదివారం నేనే నగరికి పోయాను. ఆ పూట కరెంటు లేక మగ్గాలు ఆగి ఉన్నాయి. పెద్దమ్మ వసారాలో కూర్చుని చిక్కుపడిన నూలు విడదీస్తోంది. విషయమంతా చెప్పాను. "ఫోటోనే గదా పాపా, దిగుతాను" అంది తలెత్తకుండా. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "కానీ ఆయప్పే వచ్చి అడగాల" అంది. "తొమ్మిదిండ్లు మార్పించినాడు. ఒక్క తూరన్నా పోదామా అని అడగలే. లారీ వచ్చినాక చెప్పేది, సామాన్లు కట్టుకోమని. ఈ ఒక్కదానికన్నా అడగమను. అడిగితే వస్తాను, ఫారం పంపిస్తే రాను." నలభైకి దగ్గరపడిన నన్ను పాపా అని పిలిచే మనుషులు ప్రపంచంలో ఇద్దరే. ఆ ఇద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతునైపోయాను.

పెద్దనాయన ససేమిరా అన్నాడు. "నేను పోయి అడుక్కునేదా?" అన్నాడు. అడుక్కోవడం వేరు, అడగడం వేరు అని చెప్పి చూశాను. వినలేదు. అలాగని ఊరికే ఉన్నాడా అంటే అదీ లేదు. పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని బస్టాండుకు పోయేవాడు. నగరి బస్సెక్కి, పుత్తూరులో దిగి, కాఫీ తాగి వెనక్కొచ్చేవాడు. ఒకసారి నగరి దాకా పోయి, బస్సు దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చాడు. ఇంకోసారి రేణిగుంటలో రైలు దిగి ఏ బస్సెక్కాడో ఏమో, సాయంత్రానికి శ్రీకాళహస్తి నుంచి ఫోను చేశాడు. "ఈడ ఒక స్నేహితుడుండాడు పాపా, చూసి పోదామని" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పినప్పుడు గొంతు సవరించుకుంటాడు. ఆ రోజు ఫోన్లో మూడుసార్లు సవరించుకున్నాడు. మనిషి చిక్కిపోతున్నాడు. చేతిలో ఉన్నది కరుగుతోంది. నిద్ర పట్టడం లేదని పక్కింటివాళ్లు మా నాయనతో చెప్పారు.

అట్లా తిరగడం మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో నేను సెలవు పెట్టి ఆయనతో పాటు బస్సెక్కాను. పుత్తూరులో లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మేం పోయేసరికి మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ఆ చప్పుడులో పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడదు. పెద్దమ్మ మమ్మల్ని చూసింది, కండె చుట్టడం ఆపలేదు. పెద్దనాయన గడపలో నిలబడి ఏదో అన్నాడు. "ఏమీ?" అంది ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి. ఆయన ఇంకొంచెం గట్టిగా అన్నాడు. "వినపడలే!" అంది. ఆ చప్పుడు మధ్యనే పుట్టి పెరిగిన మనిషికి పెదాలు చూస్తే మాట తెలుస్తుంది, నాకా సంగతి తెలుసు. మూడోసారి ఆయన మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. అప్పుడు వాళ్లన్న లేచాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ మగ్గాలు ఒక్కొక్కటే ఆపాడు. నాలుగో మగ్గం కూడా ఆగాక ఇంట్లో గోడ గడియారం వినపడింది. పనివాళ్లంతా పెద్దనాయన వైపే చూస్తున్నారు. అంతసేపూ అరిచిన మనిషి ఆ నిశ్శబ్దంలో తల దించుకున్నాడు. చెప్పు కాలితో గడపను రాస్తూ, "వస్తావా?" అన్నాడు.

"యాడికి?"

"ఫోటోకు."

పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వులో కళ్లు తుడుచుకుంది కూడా. "ఉండు, చీర మార్చుకోని వస్తాను" అని లోపలికి పోయింది.

ఫోటో అయ్యాక ఆ వసారాలోనే కూర్చుని ఫారాలు నింపాను. ఒకచోట పుట్టుమచ్చలు రాయాలి. పెద్దనాయనకు ముంజేతి మీది మచ్చ ఒక్కటే తెలుసు, రెండోది ఎంత వెతికినా దొరకలేదు. "మెడ ఎనకాల, జుట్టు కింద సూడు" అంది పెద్దమ్మ, కాఫీ గ్లాసులు కడుగుతూ. చూస్తే ఉంది. ఆ తర్వాత ఇంకో గడి. పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకుని నెలనెలా తక్కువ తెచ్చుకుంటారా, లేక మొత్తం నెలనెలాకే ఉంచుకుంటారా అని. ఒకేసారి తీసుకుని పాత జీపు కొని ఊళ్లు తిరగాలని ఆయన కోరిక. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ చెబుతున్నదే. నేను పెన్ను ఆనించాను. "ఆగు పాపా" అన్నాడు. పెద్దమ్మ వైపు తిరిగి, "ఏం చేద్దాం?" అని అడిగాడు. ఆమె చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. దాన్ని పక్కన పెట్టి, "జీపు కొనుక్కోని యాడికి పోతావు?" అంది. "తెలీదు" అన్నాడు. "తెలీనప్పుడు నెలనెలా రానీ."

అట్లాగే రాశాం. వాళ్లేమీ మళ్లీ కాపురం పెట్టలేదు. ఆయన పూతలపట్టు ఇల్లు ఖాళీ చేసి నగరిలో రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు, సాయంత్రం వసారాలో కూర్చుని నూలు చిక్కు తీసేవాడు. మధ్యలో లేచి వీధిలోకి తొంగిచూడటం మాత్రం మానలేదు. నాలుగేళ్లు అట్లా గడిచాక ఒక వానాకాలం, జ్వరం వచ్చిన మూడో రోజు పోయాడు. పెన్షన్ ఏ చిక్కూ లేకుండా పెద్దమ్మ పేరుకు మారింది.

బతికే ఉన్నామని ఏటా వేలిముద్ర వేయాలి కదా, పోయిన తూరి ఆమెను నేనే తీసుకుపోయాను. నూలు చుట్టీ చుట్టీ వేళ్లు అరిగిపోయాయి, మిషను ముద్ర పట్టుకోలేదు. కంటిపాపను చూసే మిషను తెస్తామని మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె తన వేళ్లను కొంగుతో తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "ఆయప్ప పోదామా అని అడగలే, అడగలే అని పన్నెండేండ్లు కూసున్నాను పాపా. ఇంగ నేనన్నా ఒక్క దినం పోవద్దు, ఉండిపో అని అడిగినానా?"

ఉద్యోగం ఏ తేదీతో ముగుస్తుందో చేరిన రోజే తెలిసిపోతుంది. మనుషులతో గడిపే కాలానికి అట్లాంటి తేదీ ఎవరూ రాసివ్వరు, అందుకే ఇంకా చాలా ఉందనుకుంటూ ఆ కాలాన్నే వాయిదా వేస్తూ పోతాం.